చక్రం వెనక కబురు

ఆఫీసులో అందరూ ఆయన్ని చక్రం గారు అంటారు. ఎదురుగా అనరు, అలాగని ఆయనకు తెలియకుండానూ అనరు. ఫోన్‌లో ఏదైనా నొక్కితే జవాబు వచ్చేదాకా గుండ్రంగా తిరుగుతూ ఒక చిన్న బొమ్మ కనిపిస్తుంది కదా, దాన్ని పెట్టడం, సమయానికి తీసెయ్యడం, అది పోయాక రావలసిన స్క్రీన్ వచ్చేట్టు చూడడం, ఇదే పదహారేళ్ళుగా ఆయన బతుకుతెరువు. మనం విసుక్కుంటూ చూసే ఆ బొమ్మ వెనక కూడా ఒక మనిషి తల బద్దలు కొట్టుకుంటూ కూర్చుంటాడని ఎవరికీ తట్టదు. తట్టాల్సిన అవసరమూ లేదనుకోండి.

ఆఫీసంటే పరుపుల దుకాణం మీద నాలుగో అంతస్తులో పొడుగాటి గది. ఐదుగురు మనుషులు, ఆరు కుర్చీలు. ఆరో కుర్చీకి చక్రాలు ఊడిపోయాయి కాబట్టి దాని మీద పాత ఫోన్లు పేర్చారు. యాప్ కొత్త ఫోన్‌లో బాగానే ఉంటుంది, నాలుగేళ్ళ కిందటి ఫోన్‌లో నిలబడుతుందా లేదా అన్నది చూడాలి మరి. మధ్యాహ్నం అయ్యేసరికి కింద దుకాణంలోంచి కొత్త పరుపుల వాసన మెట్లెక్కి వచ్చేది. ఆ వాసనకి అందరికీ నిద్ర ముంచుకొచ్చేది, ఆయనకు తప్ప. పనిలో పడితే ఆయనకు ఒళ్ళు తెలియదు.

ఇంట్లో మాత్రం ఆ పనికి పైసా విలువ లేదు. ఆయన భార్య కారు నడపడం నేర్పుతుంది. ఇరవై రెండేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టడం నేర్పిన మనిషి. మాటా అలాగే ఉంటుంది, తొక్కితే ఠక్కున ఆగాల్సిందే. ఎవరైనా మీ ఆయన ఏం చేస్తాడని అడిగితే, ఆఫీసులో చక్రం తిప్పుతాడని చెప్పేది. వాళ్ళు అమ్మో ఎంత పెద్ద పదవో అని గౌరవంగా మొహం పెడితే, ఇంటికొచ్చి ఆ మొహాలు చేసి చూపించి పడీ పడీ నవ్వేది. ఆయన ఉడుక్కునేవాడు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదువుకున్నవాళ్ళు, ఒకరినొకరు నువ్వనే అనుకుంటారు. పిల్లలు లేరు. రాత్రి అన్నం దగ్గర ఆమె ఆ రోజు ఎవరు ఏ గోడకు గుద్దబోయారో చెబితే, ఆయన ఆ రోజు ఏ స్క్రీన్ ఎక్కడ ఇరుక్కుందో చెప్పేవాడు. ఎవరి సోది వాళ్ళది, కానీ చెప్పకపోతే ఇద్దరికీ ముద్ద దిగేది కాదు.

ఆయన చేసిన వాటన్నిటిలోకీ ఒక ఆసుపత్రి యాప్ అంటే ఆయనకు కాస్త గర్వం. అంతకుముందు ఆ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ బయట బంధువులు నర్సుల బల్ల చుట్టూ మూగేవాళ్ళు. లోపలినుంచి నర్సు వచ్చి పేరు పెట్టి అరిచేది. ఆ అరుపు వినగానే హాల్లో ఉన్నవాళ్ళందరి ప్రాణాలూ ఒక్కసారి పైకి పోయి వచ్చేవి. ఆ గోల లేకుండా, రోగికి ఒకరి చొప్పున దగ్గరివాళ్ళ ఫోన్‌లోనే కబురు తెలిసేట్టు చెయ్యమన్నారు. రోగిని సిద్ధం చేస్తున్నారు, ఆపరేషన్ జరుగుతోంది, కుట్లు వేస్తున్నారు, రికవరీ గదికి తెచ్చారు. ఇవి నాలుగు మెట్లు. ఒకే స్క్రీన్ మీద మాట మారుతుంది, అంతే.

ఐదోది వేరు. అనుకున్నట్టు జరగనప్పుడు వచ్చేది అది. డాక్టర్ మీతో మాట్లాడాలనుకుంటున్నారు, దయచేసి మూడో గదికి రండి అని ఉంటుంది. దాన్ని మిగతా నాలుగింటి వరసలో పెట్టొద్దు, విడిగా, మర్యాదగా రావాలి అన్నారు ఆసుపత్రివాళ్ళు. సరేనని ఆయన దానికో వేరే స్క్రీన్ కట్టాడు. రంగులు తగ్గించాడు, అక్షరాలు పెద్దవి చేశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. చక్రం పోయి ఐదో స్క్రీన్ వచ్చేలోపు, వెనక ఉన్న పాత స్క్రీన్ అర సెకను పాటు కనపడుతుందని గమనించాడు. ఆపరేషన్ జరుగుతోంది అన్న మాట ఒక్కసారి మెరిసి మాయమయ్యేది. అలాంటి కబురు వినబోయే మనిషికి అర సెకను ఆశ చూపించి లాక్కోవడం ఆయనకు పాపమనిపించింది. అందుకని వరస తిప్పి రాశాడు. ముందు ఐదో స్క్రీన్ రావాలి, అది వచ్చి నిలబడ్డాకే చక్రం పోవాలి.

మంచి మనసుతో చేసిన పనే. కానీ ఫోన్‌కి మనసుతో పని లేదు. ఒక్కో స్క్రీన్‌నీ నడిపే ముక్కను వాళ్ళ భాషలో వ్యూ కంట్రోలర్ అంటారు. ఆయన చక్రం కూడా అలాంటి ఒక స్క్రీనే. ఒక స్క్రీన్ మీద ఇంకోటి కూర్చుని ఉండగా, అదే స్క్రీన్ మీదికి మూడోదాన్ని ఎక్కించమంటే ఫోన్ ఎక్కించదు. గొడవ కూడా చెయ్యదు, ఎవరూ చదవని చిట్టాలో ఒక్క వాక్యం రాసుకుని ఊరుకుంటుంది. కాబట్టి చక్రం ఉన్నంతసేపూ ఐదోది రాదు. ఐదోది వచ్చేదాకా చక్రం పోదు. గుమ్మంలో ఇద్దరు మీరు ముందంటే మీరు ముందని నిలబడిపోయినట్టు, రెండూ అక్కడే ఉండిపోతాయి.

ఇది రెండేళ్ళు ఎవరికీ తెలియలేదు. యాప్‌ని పరీక్షించే అమ్మాయిని ముక్కుసూటి అంటారు, తప్పు కనపడితే ఎవరి మొహమూ చూడకుండా చెప్పేస్తుంది. అలాంటిది ఆ అమ్మాయి కూడా ఐదో స్క్రీన్ జోలికి మాత్రం తేలిగ్గా పోయేది కాదు. వాళ్ళ నాన్న పోయి అప్పటికి ఏడాది కాలేదు. యాప్ మొదట తెరవగానే ఐదోది సరిగ్గా వస్తోందా లేదా అని ఒకసారి చూసి టిక్కు పెట్టేసింది. రెండో మెట్టు మీద ఉండగా, చక్రం తిరుగుతుండగా, ఐదోది వస్తే ఏమవుతుందో ఆ అమ్మాయి చూడలేదు, ఆయనా చూడలేదు. ఫిర్యాదులు మూడంటే మూడే వచ్చాయి. చక్రం అలా తిరుగుతూనే ఉంది, నలభై నిమిషాలు కూర్చున్నాను అని ఒకావిడ రాసింది. ఆఫీసులో ఆ నాలుగు మెట్లూ ఎన్నిసార్లు తిప్పి చూసినా ఆ తప్పు కనిపించలేదు. కనపడలేదని రాసి ఆ ఫిర్యాదును ఆయనే తన చేత్తో మూసేశాడు.

తర్వాత భార్యకు కడుపులో నొప్పి మొదలైంది. పరీక్షలు, స్కానింగులు, మళ్ళీ పరీక్షలు. చివరికి కాలేయం మీద గడ్డ ఉందన్నారు. తీయగలిగితే తీస్తాం, తెరిచి చూస్తేగాని చెప్పలేం అన్నారు. అదే ఆసుపత్రి. అప్పుడు ఆయనకు ఆ ఫిర్యాదు గుర్తొచ్చింది. నాలుగు రోజులు కూర్చుని ఆ తప్పు పట్టుకున్నాడు. పట్టుకున్నాక చూస్తే సరిచెయ్యడం ఒక్క వరస మార్చినంత పని. ముక్కుసూటి ఆ రోజు ఆయన బల్ల దగ్గరికొచ్చి, నేను చూడాల్సింది సార్, అని ఊరుకుంది. ఆయనా నేను రాయకుండా ఉండాల్సింది అని ఊరుకున్నాడు.

ఆసుపత్రివాళ్ళు మూడు నెలలకొకసారి తప్ప యాప్‌లో మార్పు తీసుకోరు. ఆఫీసు మేనేజరు వాళ్ళకు ఫోన్ చేసి అడిగితే, యాప్ మూసి మళ్ళీ తెరిస్తే కబురు కనపడుతోంది కదా, దీనికేం కంగారు అన్నారట. మేనేజరు చేతులెత్తేశాడు. మా ఆవిడకే ఆపరేషన్ అని ఆయన చెబితే ఏమయ్యేదో తెలియదు. చెప్పడానికి నోరు పెగల్లేదు, నీళ్ళు నమిలి వచ్చేశాడు. ఆ రాత్రి అన్నం దగ్గర అలవాటు కొద్దీ భార్యకు ఇదంతా చెప్పాడు. ఎలాగూ నాకు తెలుసు కాబట్టి నాకు నష్టం లేదు, ఇరుక్కుంటే మూసి తెరుస్తాను అన్నాడు. ఆమె పచ్చడి అడిగింది.

ఆపరేషన్‌కి ముందు రోజు సాయంత్రం వార్డులో ఆమె మంచం మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ, ఆయన్ని దగ్గరికి పిలిచింది.

"ఒక్క మాట అడుగుతా. మెలికలు తిప్పకుండా చెప్పు."

"అడుగు."

"లోపల చూసి, ఇంక లాభం లేదని కుట్టేస్తే ఆ సంగతి నాకు నువ్వే చెప్పాలి. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు వచ్చి చెప్పకూడదు. నేను కళ్ళు తెరిచేసరికి నువ్వు పక్కనుండాలి."

"ఉంటాను."

"ఏడవకుండా చెప్పాలి."

"అది మాత్రం నావల్ల కాదు."

"సరే, ఏడుస్తూనే చెప్పు. కానీ నువ్వే చెప్పు."

ఆయన మాటిచ్చాడు. ఆమె అంతటితో వదల్లేదు, సాయంత్రం చూడడానికి వచ్చిన సర్జన్‌కి కూడా ఇదే చెప్పింది. సర్జన్ తల ఊపి, అలా అయితే కుట్లు వేసి బయటికి తెస్తుండగానే మీ ఆయనకు ఫోన్‌లో కబురు పెడతాం, మూడో గదిలో నేనే చెబుతాను, మీకు మెలకువ రావడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది, ఈలోపు ఆయన మీ దగ్గరికి వచ్చేస్తాడు అన్నాడు. అంతా లెక్క ప్రకారం ఉంది. ఆమెకు లెక్క ప్రకారం ఉంటే ధైర్యం.

పొద్దున ఎనిమిదింటికి ఆమెను లోపలికి తీసుకెళ్ళారు. ఐదు గంటలు పడుతుందన్నారు. హాల్లో వరసకు పది చొప్పున నాలుగు వరసల కుర్చీలు. నేలకు బిగించిన ఉక్కు కుర్చీలు, కూర్చుంటే నడుం విరిగేట్టు ఉన్నాయి. ఆయన పక్కన బావమరిది, ఆమె తమ్ముడు. కార్ల సీట్లకు తోలు కుడతాడు, చేతులకు ఎప్పుడూ జిగురు వాసన. భయమేస్తే నోరు మూతపడని రకం మనిషి. అక్క కారు సీట్లు అట్టకట్టుకుపోయాయి బావా, ఇంటికొచ్చేలోగా మార్చేస్తాను, అక్కకి తెలియకూడదు, ఏ రంగైతే బాగుంటుంది అని పొద్దున్నుంచీ అదే మాట. ఆయన ఊఁ కొడుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆయన యాప్‌నే చూస్తున్నారు. ప్రతి రెండు నిమిషాలకూ చక్రం వస్తుంది, ఒకటిన్నర సెకను తిరుగుతుంది, పోతుంది. అన్ని చక్రాలు ఒకేచోట తిరగడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

తొమ్మిదీ యాభై రెండుకి ఆయన ఫోన్‌లో చక్రం వచ్చింది. ఒకటి, ఒకటిన్నర, రెండు. పోలేదు.

ఆయన పదహారేళ్ళుగా చేస్తున్న పనే చేశాడు. తప్పు ఎక్కడుందో వెతికాడు. ముందు సిగ్నల్ చూశాడు, నిండుగా ఉంది. ఎదురు కుర్చీలో ఆవిడ ఫోన్‌లోకి తొంగి చూశాడు, ఆవిడ చక్రం వచ్చి పోయింది, కుట్లు వేస్తున్నారని కూడా పడింది. అంటే అవతలి కంప్యూటర్ పనిచేస్తోంది. ఇక మిగిలింది ఒక్కటే. ముప్పై సెకన్లలో జవాబు రాకపోతే చక్రం తనంతట తానే ఆగి, మళ్ళీ ప్రయత్నించండి అని చూపించాలి. ఆ ఏర్పాటు కూడా ఆయన చేసిందే. గోడ గడియారం చూస్తూ ముప్పై దాకా లెక్కపెట్టాడు. నలభై దాకా పెట్టాడు. మళ్ళీ ప్రయత్నించండి అని రాలేదు. జవాబు రాకపోతేనే ఆ మాట వస్తుంది. ఈ ఫోన్‌కి జవాబు వచ్చేసింది.

తన పనిలో ఇంకో తప్పు, తనకు తెలియనిది, ఒక్కటి ఉండకూడదా అని ఆయన కోరుకున్నాడు. ఎన్ని వందల తప్పులు చేసి ఉంటాడు, ఇంకొకటి ఉంటే ఏం పోయింది? ఎంత వెతికినా దొరకలేదు. ఈ చక్రం ఇలా ఆగకుండా తిరగడానికి ఒకే ఒక్క కారణం ఉంది. ఆ హాల్లో నలభై మందిలో ఆ సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే.

మూసి తెరవాలి. రెండు సెకన్ల పని. బొటనవేలు స్క్రీన్ అడుగున పెట్టాడు. పైకి తోస్తే యాప్ మూసుకుపోతుంది, మళ్ళీ తాకితే ఐదో స్క్రీన్ వస్తుంది, తక్కువ రంగులతో, పెద్ద అక్షరాలతో. వేలు కదల్లేదు.

"తిరుగుతోందా బావా?" అన్నాడు బావమరిది.

"తిరుగుతోంది."

"తిరుగుతోందంటే పని నడుస్తున్నట్టేగా." అతని మొహంలోకి కాస్త రక్తం వచ్చింది. సంచిలోంచి బిస్కెట్లు తీసి ఒకటి ఆయన చేతిలో పెట్టాడు, మెరూన్ రంగయితే మాసినా కనపడదు బావా అన్నాడు. ఆయన బిస్కెట్టు తిన్నాడు. నిజంగానే తిన్నాడు, నీళ్ళు కూడా తాగాడు. నాకైతే అప్పుడు ఆయన్ని భుజాలు పట్టి కుదిపెయ్యాలనిపిస్తుంది. ఆమె లోపల ఉంది, పావుగంట, ఇరవై నిమిషాలు అన్నారు, లెయ్యవయ్యా అని అరవాలనిపిస్తుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నిమిషం నిమిషం చూస్తూనే ఉన్నాడు. అది తిరుగుతున్నంతసేపూ పాత స్క్రీన్ ఇంకా వెనక ఉన్నట్టే. ఆపరేషన్ జరుగుతోంది అన్న మాట ఇంకా మారనట్టే. ఇంకొక్క నిమిషం, ఇదొక్కటే అనుకున్నాడు. పది గంటలకీ అలాగే అనుకున్నాడు, పదీ పదికీ అలాగే అనుకున్నాడు.

పదీ పదహారుకి ఎదురు కుర్చీలో ఆవిడ లేచి, మావాణ్ణి రికవరీకి తెచ్చేశారు అని ఎవరికో చెబుతూ వెళ్ళిపోయింది. రికవరీ అన్న మాట చెవిన పడగానే ఆయన వేలు కదిలింది. యాప్ మూసి తెరిచాడు. చక్రం లేకుండా ఐదో స్క్రీన్ వచ్చి నిలబడింది. కింద చిన్న అక్షరాల్లో, పంపిన సమయం తొమ్మిదీ యాభై రెండు.

"ఏంటి బావా అది?" అన్నాడు బావమరిది. ఆయన ఫోన్ అతని చేతికిచ్చి పరిగెత్తాడు. యాభై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ పరిగెత్తని మనిషి.

మూడో గదిలో రెండు కుర్చీలు, ఒక బల్ల, దాని మీద కాగితపు రుమాళ్ళ డబ్బా ఉన్నాయి. మనిషి లేడు. ఇంకో గుమ్మంలోంచి నర్సు వచ్చి, ఇంతసేపు ఎక్కడికెళ్ళారండీ, సర్జన్ గారు చూసి చూసి ఇంకో కేసుకి వెళ్ళిపోయారు అంది. మీ ఆవిడకి మెలకువ వచ్చి ఐదు నిమిషాలైంది అని కూడా అంది. తర్వాత చెప్పులు విప్పించి లోపలికి తీసుకెళ్ళింది.

ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. పెదవులు ఎండిపోయాయి, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. గుమ్మం వైపే ఉన్నాయి. ఆయన మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాట చెప్పబోయాడు.

"వద్దులే. చెప్పారు," అంది ఆమె. మత్తు వదలక మాట నెమ్మదిగా వచ్చింది. "తీయలేదట. అంతా పాకిందట."

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కడున్నావు?"

"బయటే ఉన్నా. ఫోన్‌లో... తిరుగుతూ ఉండిపోయింది."

అబద్ధం కాదు. ఎవరికి చెప్పినా నమ్ముతారు, ఆసుపత్రివాళ్ళు క్షమాపణ కూడా చెబుతారు. ఆమె ఆయన మొహం కేసి చూసింది.

"మూసి తెరిస్తే వస్తుందన్నావుగా."

పక్క మంచం దగ్గర ఏదో యంత్రం కూత పెట్టింది, నర్సు వెళ్ళి దాన్ని ఆపింది.

"భయమేసింది," అన్నాడు చివరికి.

"నాకూ వేసింది. అందుకే నిన్ను రమ్మన్నాను." ఆమె కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాడు. మూసుకునే మళ్ళీ మాట్లాడింది. "తీశారా అని అడిగాను. నర్సు మాట్లాడదే. మళ్ళీ అడిగితే ఒక కుర్ర డాక్టర్ వచ్చాడు. పాపం వాడికి మాట తడబడుతోంది. ఇలాంటి కబురు చెప్పడం వాడికి మొదటిసారట. నేనే వాడి చెయ్యి పట్టుకుని, ఫర్వాలేదు బాబూ, చెప్పు అన్నాను."

ఆయన అప్పుడు ఏడ్చాడు. ఆమె చెయ్యి ఆయన చేతిలోనే ఉంది కానీ, ఆ చెయ్యి ఆయన్ని పట్టుకోలేదు.